గ్వాటెమాలా వీపిల్: ఉరవకొండ మగ్గమింటి కంటితో

దీని పేరు వీపిల్. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో మాయా అనే ఆదివాసీ ప్రజల ఆడవాళ్ళు తొడుక్కొనే పైబట్ట, మన జాకెట్టుకూ కుర్తాకూ మధ్యరకం. నేసిన ఊరు శాన్ అంతోనియో అగ్వాస్ కాలియెంతెస్. అంతిగ్వా అనే పాత పట్నం పక్కనే ఉంటుంది. అమెరికాలో ఉద్యోగం చేసే మా అక్క కూతురు అక్కడికి వెళ్ళినప్పుడు నేసినామె దగ్గరే, ఆమె ఇంటి వసారాలోనే కొన్నది. ధర 1,800 కెత్సాల్‌లు, మన డబ్బుల్లో దాదాపు 20 వేలు. ఆ డబ్బుకు ఇక్కడే మంచి ధర్మవరం పట్టుచీర వస్తుంది కదా అని ఇంట్లో అందరూ అన్నారు. నిజమే, వస్తుంది. అయినా ఈ బట్టకు ఆ ధర తక్కువేనని నేనంటాను. ఎందుకో చెప్పాలంటే బట్టను తిరగేసి, అంచు పట్టుకొని, కుట్టు దగ్గర వేలు పెట్టి చూపించాలి. అందుకని ఈ రివ్యూ కొంచెం పొడుగే.

మాది ఉరవకొండ. నాయన గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. బడి నుంచి రాగానే అవ్వ పక్కన కూర్చొని రాట్నం మీద కండెలు చుట్టడం అక్కకూ నాకూ రోజూ ఉండే పని. ఇప్పుడు నేను అనంతపురంలో లెక్కల టీచరును. బట్ట చేతికొస్తే ముందు వెనకవైపు చూడటం ఆ ఇంటి అలవాటు. ఇప్పటికీ పోలేదు.

వీపిల్ నేల, అంటే పూల వెనకాల ఉండే బట్ట, ఎరుపు. కుంకుమ కంటే కాస్త ముదురు. దాని మీద అడ్డంగా పట్టీలు పట్టీలుగా పని ఉంది. కొన్ని పట్టీల్లో మెలికలు తిరిగే గీతలు, కొన్నిట్లో డైమండ్లు. అన్నిటికంటే వెడల్పైన పట్టీలో పూలగుత్తులు, వాటి మీద ఎదురెదురుగా కూర్చున్న పిట్టలు. పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా, గులాబీ, నారింజ, తెలుపు అన్నీ ఉన్నాయి. ఇన్ని రంగులు ఒకచోట చేరితే గోల గోలగా ఉంటుందని ఫోటో చూసినప్పుడు మా అక్క భయపడింది. చేతికొచ్చాక ఆమే గంటసేపు వదల్లేదు. ప్రతి ముదురు రంగు పక్కన ఒక లేత రంగు, ప్రతి పువ్వు చుట్టూ సన్నటి తెల్ల గీత. అందువల్ల ఏ రంగూ పక్కదాని మీద పడదు. పూలగుత్తి ఆకుల్లో మాత్రం ఒక ఆకును నేసినామె ఆకుపచ్చ బదులు నీలంతో నేసింది. అన్ని గుత్తుల్లోనూ అదే చోటు ఆకు, అదే నీలం. ఎవరి చెయ్యి అన్నది అక్కడ తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఈ బట్టకు ఎక్కడా కత్తెర పడలేదు.

వీపిల్ అంతా రెండు పొడుగాటి ముక్కలు. ఒక్కొక్కటి పదహారు అంగుళాల వెడల్పు, నాలుగడుగుల పొడుగు. రెండింటినీ పక్కపక్కన పెట్టి మధ్యలో కుట్టి, నడుమ తల దూరేంత చోటు కుట్టకుండా వదిలారు. అదే మెడ. సగానికి మడిచి పక్కలు కుట్టారు, పైన చేతులకు ఖాళీ ఉంచారు. అయిపోయింది. టైలరు లేడు, కొలతల టేపు లేదు, మిగిలిపోయిన గుడ్డపీలిక లేదు. మన చీరకు రెండువైపులా గట్టి అంచు ఉంటుంది, కానీ కొంగు చివర పోగులు వదిలేస్తాం, లేదంటే కుచ్చులు కట్టుకుంటాం. ఈ ముక్కలకు పొడుగునా అంచే, పై కొనకు అంచే, కింది కొనకు కూడా అంచే. పొడుగునా పేక (అడ్డం పోగు), కొనల్లో పడుగు (నిలువు పోగు) వెనక్కి తిరిగి వచ్చి నాలుగు వైపులా మూసుకుంది.

అది ఎలా సాధ్యమో మగ్గం తెలిస్తేనే అర్థమవుతుంది. దీన్ని నేసే మగ్గానికి చట్రం లేదు, గుంత లేదు. కొన్ని కర్రలూ ఒక పట్టీ, అంతే. పడుగు ఒక కొనను చెట్టుకో వసారా స్తంభానికో కడతారు. రెండో కొన కర్రకు ఒక పట్టీ తగిలించి దాన్ని నడుముకు చుట్టుకొని, నేసే ఆమె చాప మీద మోకాళ్ళ మీద కూర్చుంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. పోగులు పైకి లేపాల్సినప్పుడు కొంచెం ముందుకు, పేకను గట్టిగా కొట్టాల్సినప్పుడు వెనక్కి. మన మగ్గం మీద, నేసిన బట్టను చుట్టి బిగువు నిలిపే దోనె చేసే పని అక్కడ నడుము చేస్తుంది. పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెన లాంటి పన్నె కూడా ఉండదు. పేకను దగ్గరికి కొట్టడానికి నున్నగా అరగదీసిన చెక్క కత్తి వాడతారు. పన్నె లేకపోతే పోగుల మధ్య దూరం ఎవరు కాపాడాలి? చెయ్యే కాపాడాలి. బట్ట ఇరుకైపోకుండా అంచు నుంచి అంచుకు ఒక పుల్ల గుచ్చి ఉంచుతారు, అలాంటిది మన దగ్గరా ఉంది. పడుగు గట్టిపడటానికి మనం గంజి పెట్టినట్టే వాళ్ళు మొక్కజొన్న జావ పెడతారు.

చేతులు చాచి నేయగలిగిన వెడల్పే బట్ట వెడల్పు. అందుకే రెండు ముక్కలు, కొన్ని ఊళ్ళలో మూడు ముక్కలు.

పడుగు పోగులు కర్ర చుట్టూ తిరిగి వెనక్కి వస్తాయి కాబట్టి ఆ కొనలు తెగవు. రెండు కొనల నుంచీ అంచు కట్టుకుంటూ నేయొచ్చు. చిక్కంతా చివర్లో వస్తుంది. నేత రెండు వైపుల నుంచీ దగ్గరయ్యేసరికి మధ్యలో నాలుగు వేళ్ళ మేర మిగులుతుంది. అందులో చెక్క కత్తి పట్టదు, పోగులు లేపే కర్రా పట్టదు. అప్పుడు అన్నీ ఒక్కొక్కటే తీసేసి, సన్నటి పుల్లతోనో సూదితోనో పోగు కింద పోగు చూసుకుంటూ పేకను దూర్చాలి. కుట్టుపని అంత నెమ్మది. ఆ చోట నేత కొంచెం పల్చగా ఉంటుంది. నా వీపిల్‌లో అది వెనకభాగంలో, కింది అంచు నుంచి జానెడు పైన ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అడ్డంగా ఒక లేత చార కనబడుతుంది. తెలియనివాళ్ళు దాన్ని లోపం అనుకుంటారు. కొనేటప్పుడు నేనైతే మొదట ఆ చారనే వెతుకుతాను. మరమగ్గం బట్టకు అది ఉండే వీలే లేదు.

దీన్ని ఉరవకొండలో మా మామకు చూపించాను. డెబ్బై దాటినా ఇంకా మగ్గం దిగలేదు. కళ్ళద్దాలు పైకి నెట్టి, బట్టను ముక్కు దాకా తెచ్చుకొని, అంచు పొడుగునా బొటనవేలు నడిపిస్తూ పోయాడు. కొన దగ్గర ఆగాడు. తిప్పాడు. రెండో కొన చూశాడు.

"ఏమ్మా, దీనికి మొదలేది, చివరేది? రెండు పక్కలా మూసేసినారే!"

నేను ఆ పల్చటి చార చూపించాను. దాని మీద వేలు పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఈడికొచ్చేసరికి ఆమె నడుము ఎంత నొప్పి పుట్టింటాదో. కడాకు వచ్చినాక తొందర పుడుతుంది ఎవరికైనా. ఈమె తొందరపడలే."

మా అత్త టీ తెచ్చింది. టీ చల్లారిపోయినా ఆయన పట్టించుకోలేదు.

పైన పని గురించి ఆయనతో ఇంకా ఎక్కువ మాట్లాడాను. దూరం నుంచి చూసినవాళ్ళందరూ దీన్ని ఎంబ్రాయిడరీ అంటారు, కానీ ఇది సూదిపని కాదు, మగ్గం మీదే పుట్టిన డిజైను. నేల పేక ఒకటి వేశాక, రంగు పోగును ఆ పువ్వు ఉన్నంత మేరకే వేళ్ళతో దూర్చి, మళ్ళీ నేల పేక వేయాలి. ఒక వరుసలో పది చోట్ల పది రంగులుంటే పది దారపు ముక్కలు వేలాడుతుంటాయి. ఇది విన్న మామ వెంటనే "జాంధానీ గదా" అన్నాడు. అవును, సూత్రం అదే. ఉప్పాడలో, వెంకటగిరిలో బుటా వేసేది ఇలాగే. తేడా ఏమిటంటే మన జాంధానీలో పోగులు లేపడానికి ముందే కట్టిపెట్టుకున్న ఏర్పాటు ఉంటుంది, పక్కన ఇంకొకరు సాయం కూడా కూర్చుంటారు. శాన్ అంతోనియోలో ఒక్కతే కూర్చొని పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. గ్రాఫ్ కాగితం, డిజైను ప్రకారం పోగులు లేపే జాకార్డ్ అట్టలు ఏమీ లేవు. ఎక్కువభాగం జ్ఞాపకమే.

ఈ ఊరి ప్రత్యేకత ఇంకొకటి ఉంది. వాళ్ళు దాన్ని మార్కదోర్ పని అంటారు. రంగు పేక పడుగు పోగులను చుట్టుకుంటూ వెళ్తుంది కాబట్టి ముందువైపు పిట్ట ఎలా ఉందో వెనకవైపూ అలాగే ఉంటుంది. చిక్కుముడులు లేవు, వేలాడే దారాలు లేవు. దగ్గర నుంచి చూస్తే క్రాస్‌స్టిచ్ లాగే కనబడుతుంది. అందుకు కారణముంది. పాత వీపిల్‌లలో డైమండ్లు, మెలికల గీతలే ఎక్కువ. ఐరోపా నుంచి క్రాస్‌స్టిచ్ నమూనాల పుస్తకాలు వచ్చాక ఆ పూలనూ పిట్టలనూ ఈ ఊరి ఆడవాళ్ళు మగ్గం మీదికి ఎక్కించుకున్నారు. సూదితో కుట్టే బొమ్మను పోగు లెక్కలోకి మార్చి, పైగా రెండువైపులా ఒకేలా వచ్చేట్టు చేశారు. లెక్కల టీచరుగా చెప్తున్నాను, ఇది చాలా పెద్ద బుర్ర చేసే పని. నేను ఒక డైమండు పోగులు లెక్కపెట్టాను. నడిమి పోగుకు అటూ ఇటూ ఒకే సంఖ్య, వరుస వరుసకూ ఒకే మెట్టు. పట్టీ మొత్తం మీద ఎక్కడా తప్పలేదు. ఈ లెక్క చేసే ఆడవాళ్ళలో చాలామంది బడికి ఎక్కువ రోజులు వెళ్ళనివాళ్ళని మా అక్క కూతురు చెప్పింది. మా అవ్వ కూడా అంతే. వేలిముద్ర వేసేది, కానీ పడుగులో ఒక పోగు తక్కువైతే చూపుతోనే పట్టేసేది.

రెండు ముక్కలనూ కలిపే కుట్టును రాందా అంటారు. అది దాచే కుట్టు కాదు, చూపించే కుట్టు. నా వీపిల్‌లో మధ్య నుంచి కిందిదాకా వేలెడు వెడల్పున పచ్చ, ఊదా, పసుపు దారాలు మార్చి మార్చి దట్టంగా కుట్టారు. రెండు ముక్కల మీదా పట్టీలు ఒకదానికొకటి సరిగ్గా కలిశాయి, పిట్ట ముక్కు దగ్గర మాత్రం వెంట్రుకవాసి తేడా ఉంది. రెండు ముక్కలను వేరువేరుగా, బహుశా నెల తేడాతో నేసి ఇంత కలిసేలా చేయడం మాటలు కాదు. మన దగ్గర ప్యానెల్ డ్రెస్సులు కుట్టించుకున్నవాళ్ళకు ఆ బాధ తెలుసు.

ఈ డైమండ్ల నేత ఎంత పాతదో చెప్పడానికి ఒక రాయి ఉంది. మెక్సికోలో యాష్‌చిలాన్ అనే మాయా నగరంలో ఒక ద్వారం పైన అడ్డంగా పెట్టిన రాతి మీద చెక్కిన శిల్పం, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. క్రీ.శ. 709లో జరిగిన ఒక క్రతువు అందులో కనబడుతుంది. కబాల్ షోక్ అనే రాణి రాజు ఎదుట మోకాళ్ళ మీద కూర్చొని, నాలుకలోంచి ముళ్ళతాడు లాగుతూ రక్తం అర్పిస్తోంది. చూడటానికి ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నేను చూసింది ఆమె ఒంటి మీది బట్టను. శిల్పి ఆ వీపిల్ డైమండ్లను ఒక్కొక్కటీ చెక్కాడు, చివర కుచ్చులతో సహా. లేపాక్షి లతామంటపం స్తంభాలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. స్తంభానికి నాలుగు వైపులా గళ్ళు గళ్ళుగా చెక్కిన ఆ లతలనే మన జిల్లా నేతగాళ్ళు చీర అంచుల్లోకి దింపుకున్నారు. నాయన ప్రతి శివరాత్రికీ మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళేవాడు. దేవుణ్ణి చూశాక స్తంభాల దగ్గరే ఎక్కువసేపు ఉండేవాడు.

ఇంకో పోలిక కూడా చెప్పకుండా ఉండలేను. చిచికాస్తెనాంగో అనే ఊరి వీపిల్‌ల మీద రెండు తలల గద్ద ఉంటుంది. మెడ చుట్టూ సూర్యకిరణాల్లా పని ఉంటుంది. స్పెయిన్‌ను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశం ముద్ర నుంచి ఆ గద్ద వచ్చిందని కొందరంటారు, అంతకుముందు నుంచే తమదని ఇంకొందరంటారు. మన పట్టుచీరల మీద గండభేరుండం లేదా? ఫోటో చూపిస్తే మా మామ "ఇది మనదే" అని తేల్చేశాడు. మనది కాదు మామా అన్నా ఒప్పుకోలేదు.

రంగుల గురించి నిజం చెప్పాలి. నా వీపిల్‌లో దారాలు మిల్లువే, రంగులు రసాయనాలవే. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచీ అక్కడ రసాయన రంగులు వాడుతున్నారు, అదేమీ మోసం కాదు. పాత పద్ధతిలో ఎరుపు నాగజెముడు మీద బతికే కోచినీల్ పురుగు నుంచి వచ్చేది, నీలం నీలిమందు చెట్టు నుంచి. నీలిమందు మన కడప, కర్నూలు పొలాల్లోనూ ఒకప్పుడు బాగా పండిన పంటే. ఇక రంగు వేయకుండానే గోధుమరంగులో పండే పత్తి ఒకటి అక్కడ ఉంది, పేరు ఇష్కాకో. దాంతో నేసిన బట్టలు ఇంకా దొరుకుతున్నాయి, ధర మాత్రం ఎక్కువ.

రంగు పోతుందా? ఎరుపు కొంచెం పోతుంది. తెల్లగుడ్డ తడిపి లోపలివైపు ఒక మూల అద్దితే గులాబీ మరక వచ్చింది. అందుకని మిషన్‌లో వేయొద్దు, వేడినీళ్ళు వద్దు. నేను చల్లటి నీళ్ళలో కుంకుడు రసంతో, నానబెట్టకుండా, రెండు చేతులతో అదిమి ఉతికి నీడలో పరిచి ఆరబెట్టాను. తెల్ల పిట్టల మీదికి ఎరుపు ఎక్కలేదు. కొత్తలో కట్టెలపొయ్యి పొగ వాసన ఉండింది. ఉతికాక తగ్గింది కానీ మడత విప్పితే ఇంకా కొంచెం వస్తుంది. నాకు ఆ వాసన ఇష్టమే, మా అమ్మాయికి మాత్రం పడదు.

తొడుక్కోవడానికి ఎలా ఉంటుందంటే, బరువు. వంటింటి కాటాలో పెడితే 600 గ్రాములు దాటింది. నూలే అయినా, రంగు పేకలు దట్టంగా దూర్చడం వల్ల దుప్పటి మందం వచ్చింది. అనంతపురం ఏప్రిల్ ఎండలో దీన్ని తొడుక్కోవడం కుదరదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ సాయంత్రాలు, హాయిగా ఉంటుంది. గ్వాటెమాలా కొండ ఊళ్ళు ఎత్తులో ఉంటాయి, చల్లగా ఉంటాయి, అక్కడికి సరిపోయే బట్ట ఇది. కొలత ఒకటే, ఒంటికి అతుక్కోదు. వాళ్ళు కింద కోర్తె అనే చుట్టుపావడా కట్టి, వీపిల్‌ను లోపలికి దోపి, పైన నేసిన నడికట్టు బిగిస్తారు. నేను నల్లటి పొడుగు స్కర్టులో దోపి మా స్కూలు వార్షికోత్సవానికి వేసుకెళ్ళాను. పిల్లలు చుట్టూ మూగి పిట్టలు లెక్కపెట్టారు. ఒక పిల్ల "మేడమ్, వెనక కూడా చూపించండి" అంది. అది నేతగాళ్ళ పిల్లే అయ్యుంటుందనుకొని అడిగితే నిజమే, వాళ్ళది కూడా ఉరవకొండే.

మెడ చీలిక ఇరుకు. జడ వేసుకున్నవాళ్ళకు పర్వాలేదు, కొప్పు మీద నుంచి దూర్చాలంటే కష్టం. చంకల దగ్గర గుడ్డ ఎక్కువ. పాతూరులో మా టైలరు చూసి "పక్కలు కొంచెం కోసి డాట్ కొట్టిస్తే భలే ఫిట్టింగ్ వస్తుంది మేడమ్" అన్నాడు. అతని ఉద్దేశం మంచిదే, పని కూడా చక్కగా చేస్తాడు. కానీ కత్తెర పడనివ్వలేదు. మీరు కొన్నా పడనివ్వకండి. ఫిట్టింగ్ కావాలంటే పైన నడికట్టు కట్టుకోండి.

ఆన్‌లైన్‌లో కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అంతకుముందు నేను ఒక వెబ్‌సైటులో "మాయా చేనేత" అని రాసిన టేబుల్ రన్నర్ ఒకటి తెప్పించాను. విప్పి తిరగేస్తే వెనక తెల్లగా ఉంది. పాలిస్టర్ మీద ప్రింటు. వాపసు తీసుకోవడానికి కూడా వాళ్ళు సరిగా మాట్లాడలేదు. ఇదే బాధ గ్వాటెమాలాలోనూ ఉంది. డిజిటల్ ప్రింటు వేసిన వీపిల్‌లు సంతల్లో కుప్పలుగా దొరుకుతాయి, నేసినదాని ధరలో చిన్న భాగానికే. పోచంపల్లి ప్రింటు నైటీలు, కలంకారీ ప్రింటు దుప్పట్లు చూస్తున్న మనకు అది ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. మనకు కనీసం 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం ఉంది, 11 రకాల బట్టలు చేనేతకే అని రాసి ఉంది. అమలు ఎంతన్నది వేరే విషయం. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. మాయా నేత ఆడవాళ్ళు తమ డిజైన్ల మీద ఊరుమ్మడి హక్కు కావాలని 2016లో తమ దేశ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళారు. మరుసటి ఏడు కాంగ్రెస్‌లో, అంటే వాళ్ళ చట్టసభలో, బిల్లు దాకా తీసుకెళ్ళారు. ఒక్కో డిజైను ఒక్కో ఊరిది, ఒక్కరిది కాదు, కాబట్టి హక్కు కూడా ఊరిదే కావాలన్నది వాళ్ళ వాదన. నాకు అది పూర్తిగా న్యాయంగా తోస్తుంది.

ఆ ఊరి గుర్తు వాళ్ళ ప్రాణం మీదికి తెచ్చిన రోజులూ ఉన్నాయి. 1960 నుంచి 1996 వరకు గ్వాటెమాలాలో అంతర్యుద్ధం నడిచింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారు. గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయా ప్రజలేనని 1999లో సత్యశోధన కమిషన్ తేల్చింది. వీపిల్ చూస్తే ఏ ఊరిదో తెలిసిపోతుంది కాబట్టి, పారిపోయిన ఆడవాళ్ళు ఎందరో తమ ఊరి బట్ట విప్పి దాచేసి వేరే బట్టలు కట్టుకోవలసి వచ్చింది. మగవాళ్ళను పోగొట్టుకున్న ఆడవాళ్ళు నేత సంఘాలు పెట్టుకొని పిల్లలను పెంచుకున్నారు. మాయా ప్రజల హక్కుల కోసం పోరాడిన రిగోబెర్తా మెంచూ 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నది కూడా మాయా నేతబట్టల్లోనే. ఇదంతా తెలిశాక, సంతలో ఇలాంటి బట్ట బేరం ఆడి సగానికి అడగడానికి నాకు మాత్రం నోరు రాదు. మా అక్క కూతురు కూడా బేరం ఆడలేదు. "చిన్నమ్మా, ఆమె నాలుగు నెలలు కూర్చుందంట. ఏమని తగ్గించమనాలి?" అంది ఫోన్‌లో. నాలుగు నెలలంటే పూర్తి రోజులు కాదు. వంట, పిల్లలు, పొలం అన్నీ అయ్యాక మిగిలిన పూటలు. అయినా 20 వేలను ఆ పూటలతో భాగిస్తే వచ్చే కూలి చెప్పుకోదగ్గది కాదు. మా ఉరవకొండలో షావుకారు దగ్గర కూలినేత నేసేవాళ్ళ లెక్క కూడా ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు.

పాత వీపిల్‌లు కోసి చేసిన హ్యాండ్‌బ్యాగులు, పర్సులు కూడా విరివిగా అమ్ముతారు. పూర్తిగా చిరిగిపోయిన బట్ట అయితే సరే. బాగున్న బట్టను మూడు పర్సుల కోసం కోస్తే నేను కొనను.

మీవాళ్ళెవరైనా అటు వెళ్తుంటే చూడమని చెప్పాల్సినవి: మొదట వెనకవైపు తిరగేయాలి. శాన్ అంతోనియో మార్కదోర్ అయితే రెండువైపులా ఒకేలా ఉండాలి. వేరే ఊళ్ళవైతే వెనక దారాలు కనబడొచ్చు, అది తప్పు కాదు, కానీ తెల్లగా మాత్రం ఉండకూడదు. తర్వాత కొనలు చూడాలి, కోసి మడిచి కుట్టిన చోటు ఉంటే ఇది నడుము మగ్గం బట్టేనా అని అనుమానించి అడగాలి. పల్చటి చార వెతకాలి. నేసినామె ఎదురుగా ఉంటే ఏ ఊరు, ఎన్నాళ్ళు పట్టింది అని అడగాలి. సంతోషంగా చెప్తారు. అంతిగ్వా నుంచి శాన్ అంతోనియో దగ్గరే, సంతకు అక్కడికే వెళ్ళడం మంచిది. చిచికాస్తెనాంగో పెద్ద సంత గురువారం, ఆదివారం.

మా అక్క కూతురు డిసెంబరులో మళ్ళీ వెళ్తానంటోంది. ఈసారి సాల్కహా నుంచి హాస్పె కోర్తె ఒకటి తెమ్మన్నాను. హాస్పె అంటే నేయడానికి ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచడం, మన పోచంపల్లి ఇక్కత్ పద్ధతే. దాన్ని నేసేది కాళ్ళతో తొక్కే మగ్గం మీద, స్పెయిన్‌వాళ్ళు తెచ్చిన మగ్గమది. మగవాళ్ళు నేస్తారు. మా మామకు ఆ మగ్గం వీడియో కావాలంట, కోర్తెతో పాటు అదీ తెస్తానంది.